స్క్రైఫాల్‌తో రక్షణ కార్డులు వెతకడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మేజిక్: ద గ్యాదరింగ్ ఆటలో ఎదుటివారి దెబ్బను కాచుకోవడానికి పనికివచ్చే కార్డులను స్క్రైఫాల్ అనే శోధన సాధనంలో ఎలా పట్టుకోవాలని కొత్త ఆటగాళ్లు పదేపదే అడుగుతుంటారు. ఆ ప్రశ్నలకు, దాన్ని రోజూ వాడే ఒక ఆటగాడిగా నాకు తెలిసినంతలో ఇస్తున్న జవాబులివి. సాధనాన్ని నడిపేవారితో గానీ, ఆటను ప్రచురించే విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ సంస్థతో గానీ నాకు సంబంధం లేదు. శోధన సంకేతాలనూ కార్డుల మీది మాటలనూ పలికే తీరులో తెలుగు లిపిలోనే రాశాను. శోధన పెట్టెలో మాత్రం వాటిని ఆంగ్ల అక్షరాలతో టైప్ చేయాలి.

ఈ సాధనం ఏమి చేస్తుంది? డబ్బు కట్టాలా?

రిచర్డ్ గార్ఫీల్డ్ రూపొందించిన ఈ ఆట 1993లో మార్కెట్లోకి వచ్చింది. అప్పటినుంచి ఏటా కొత్త కార్డులు చేరుతూ, వేరువేరు పేర్లున్న కార్డులే 20,000 దాటిపోయాయి కాబట్టి వాటన్నిటినీ గుర్తుపెట్టుకోవడం ఎవరివల్లా కాదు. స్క్రైఫాల్ ఆ కార్డులన్నిటి పేరు, రంగు, మానా (కార్డు ఆడటానికి కట్టే శక్తి) ఖర్చు, రకం, నియమపాఠం, బొమ్మ, ధర ఒకచోట పెట్టి, వాటిలో దేనితోనైనా వెతకనిస్తుంది. వెతకడానికి డబ్బు కట్టనక్కర్లేదు, ఖాతా కూడా అవసరం లేదు.

రక్షణ కార్డులు అన్న విభాగం ఎక్కడుంది? నాకు కనిపించడం లేదు.

అలాంటి విభాగం లేదు, ఉండే వీలూ లేదు. కార్డు మీద అచ్చయ్యేది దాని రకం మాత్రమే: క్రీచర్ (దాడి చేసే, దాడిని అడ్డుకునే ప్రాణి), ఇన్‌స్టంట్, సార్సరీ, ఎన్‌చాంట్‌మెంట్, ఆర్టిఫాక్ట్ వంటివి. రక్షణ అనేది రకం కాదు, ఆ కార్డు చేత మనం చేయించుకునే పని. ఎదుటివారి స్పెల్‌ను, అంటే వారు ఆడుతున్న కార్డును, గాలిలోనే రద్దు చేసేదీ, బల్లమీదికి వచ్చిన క్రీచర్‌ను తీసిపారేసేదీ, దాడికి అడ్డంగా నిలబడేదీ, దాడి చేయాలంటే సుంకం కట్టమనేదీ, మన కార్డులను ఇతరుల చేతికి అందకుండా దాచేదీ, అన్నీ రక్షణే. వీటన్నిటి మీదా ఒకే మాట రాసి ఉండదు.

స్క్రైఫాల్ వెతికేది మాటలను. మీ మనసులోని అవసరం దానికి తెలియదు. అందువల్ల పెట్టెలో ఏదైనా టైప్ చేసే ముందు "నేను దేనికి ఓడిపోతున్నాను?" అని ప్రశ్నించుకుని, ఆ జవాబును కార్డు మీద అచ్చయ్యే పదజాలంలోకి మార్చుకోవాలి. మీరు వెతికినవి దొరకడం లేదంటే చాలాసార్లు లోపం ఉండేది ఈ మార్పులోనే.

కనీసం ఏయే సంకేతాలు తెలిసి ఉండాలి?

ఆరు చాలు. నియమపాఠంలో మాట వెతకడానికి "ఓ", రకానికి "టి", డెక్ (ఆటకు మనం కూర్చుకునే కార్డుల కట్ట) రంగులకు "ఐడి", మానా ఖర్చు మొత్తానికి "ఎంవి", ఆట పద్ధతికి "ఎఫ్", కీవర్డుకు (ఒక గుణాన్ని ఒక్క మాటలో చెప్పే పేరుకు) "కెడబ్ల్యు". ఎంవి తర్వాత కోలన్‌కు బదులు <= లేదా >= పెట్టి హద్దు గీయవచ్చు. తక్కిన వాటి తర్వాత కోలన్ పెట్టి విలువ రాయాలి. ఒకటికి మించిన మాటలుంటే వాటిని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాలి, లేకపోతే మొదటి మాట ఒక్కటే ఆ సంకేతానికి అంటుకుని, మిగతావి కార్డు పేరులో భాగాలనుకుని వెతుకుతుంది. ముందు మైనస్ గుర్తు పెడితే "ఇది వద్దు" అని అర్థం. రంగులకు ఒక్కో అక్షరం: తెలుపుకు డబ్ల్యు, నీలానికి యు, నలుపుకు బి, ఎరుపుకు ఆర్, ఆకుపచ్చకు జి. బి నలుపుకు పోయింది కాబట్టి నీలానికి యు దక్కింది. కొత్తవారు మొదటి వారం ఇక్కడ తప్పకుండా తడబడతారు.

రంగుకు "సి" అని కూడా ఒక సంకేతం ఉంది కదా, "ఐడి" ఎందుకు?

సి:డబ్ల్యుయు అంటే తెలుపూ నీలమూ రెండూ ఉన్న కార్డులనే చూపిస్తుంది, ఒక్క తెలుపు కార్డు అందులో రాదు. ఐడి:డబ్ల్యుయు అంటే ఆ రెండు రంగుల కమాండర్ డెక్‌లో (కమాండర్ అనే నాయక కార్డు చుట్టూ కట్టే నూరు కార్డుల డెక్‌లో) పెట్టుకోగల కార్డులన్నీ, రంగులేనివి సహా వస్తాయి. డెక్ కట్టేటప్పుడు మీకు కావలసింది రెండోదే.

"కౌంటర్" అని వెతికితే సంబంధంలేని కార్డులు వందల్లో ఎందుకు వస్తున్నాయి?

ఈ ఆటలో ఆ మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి, స్పెల్‌ను రద్దు చేయడం. రెండోది, క్రీచర్ మీద పెట్టే +1/+1 వంటి గుర్తు. పైగా ఓ సంకేతం మాటలో భాగాన్ని కూడా పట్టుకుంటుంది కాబట్టి "ఈ స్పెల్‌ను కౌంటర్ చేయడం కుదరదు" అని ఉన్నవీ వచ్చి చేరతాయి. ఓ:"కౌంటర్ టార్గెట్" అని రెండు మాటలు కలిపి వెతికితే గుర్తుల కార్డులు దాదాపు అన్నీ రాలిపోతాయి, ఎందుకంటే వాటిలో కౌంటర్ తర్వాత "ఆన్" వస్తుంది గాని "టార్గెట్" రాదు. 1993 నాటి తొలి సెట్‌లోనే ఉన్న కౌంటర్‌స్పెల్ మొదలుకొని ఈ కుటుంబం చాలావరకు ఇలా దొరుకుతుంది.

చాలావరకు అన్నాను గాని మొత్తం కాదు. మైండ్‌బ్రేక్ ట్రాప్ అనే కార్డు స్పెల్స్‌ను కౌంటర్ చేయదు, ఏకంగా ఎగ్జైల్ చేస్తుంది (ఆటలోంచే తీసేస్తుంది), కాబట్టి పై శోధనలో కనిపించదు. కౌంటర్ చేయడానికి వీల్లేని స్పెల్స్‌తో విసిగిపోయినవారికి కావలసింది సరిగ్గా అదే. టి:ఇన్‌స్టంట్ ఓ:ఎగ్జైల్ ఓ:"టార్గెట్ స్పెల్" అని మరోసారి వెతకడం మరచిపోవద్దు.

సరదాకు ఓ:"కౌంటర్ టార్గెట్" చివర -సి:యు చేర్చి చూడండి. నీలం కానివారు కూడా ఈ పనికి ఎన్నిసార్లు చెయ్యి చాచారో తెలుస్తుంది. తెలుపులో మానా టైత్, ఎరుపులో పైరోబ్లాస్ట్ ఆ జాబితాలోవే.

బల్లంతా ఒక్కసారిగా ఊడ్చేసే బోర్డ్ వైప్ కార్డులన్నీ ఒకే శోధనలో వస్తాయా?

రావు. ఈ ప్రశ్నకు కాస్త వివరంగా జవాబు చెప్పాలి.

అందరూ మొదట టైప్ చేసేది ఓ:"డిస్ట్రాయ్ ఆల్ క్రీచర్స్". దానితో రాత్ ఆఫ్ గాడ్, దాని నలుపు తోబుట్టువు డామ్నేషన్, ఎదుటివారు కౌంటర్ చేయలేని సుప్రీమ్ వెర్డిక్ట్ వస్తాయి. ఇక్కడితో ఆగిపోతే సగం కార్డులు జల్లెడలోంచి జారిపోయినట్టే. టాక్సిక్ డెల్యూజ్ ఎవరినీ "డిస్ట్రాయ్" చేయదు. మీరు కట్టిన ప్రాణాల సంఖ్యను బట్టి క్రీచర్లన్నిటి బలాన్నీ (దెబ్బ తీసే శక్తి) ఓర్పునూ (దెబ్బ తట్టుకునే శక్తి) తగ్గిస్తుంది, ఓర్పు సున్నాకు చేరినవి చస్తాయి. బ్లాస్ఫీమస్ యాక్ట్ ప్రతి క్రీచర్‌కూ 13 డామేజీ వేస్తుంది. ఎవాక్యుయేషన్ అన్నిటినీ యజమానుల చేతుల్లోకి తిరిగి పంపుతుంది. 2022లో వచ్చిన ఫేర్‌వెల్ ఎగ్జైల్ చేస్తుంది. ఫలితం ఒకటే అయినా మాటలు ఐదు రకాలు. కాబట్టి "డిస్ట్రాయ్ ఆల్", "ఎగ్జైల్ ఆల్", "రిటర్న్ ఆల్", "ఆల్ క్రీచర్స్ గెట్ -", "డామేజ్ టు ఈచ్ క్రీచర్" అనే ఐదు ముక్కలను ఒక్కొక్కదాని ముందు ఓ పెట్టి, మధ్యలో "లేదా" అనే అర్థమిచ్చే "ఆర్" అనే ఆంగ్ల మాట రాసి, మొత్తాన్ని కుండలీకరణాల్లో ఉంచి వెతకడం నా అలవాటు. బయట రంగు, పద్ధతి చేర్చుతాను.

అయినా తప్పించుకునేది ఒకటుంది, అది ఈ వర్గంలోకెల్లా పేరున్న కార్డు కావడం విశేషం. సైక్లోనిక్ రిఫ్ట్ పాఠాన్ని తెరిచి చూడండి. మొదటి వాక్యంలో మీది కాని, ల్యాండ్ (మానా ఇచ్చే నేల కార్డు) కాని ఒకే ఒక్క పర్మనెంట్‌ను (బల్లమీద నిలిచి ఉండే కార్డును) యజమాని చేతికి తిరిగి పంపమని ఉంటుంది, ఖర్చు రెండు మానా. దాని కింద "ఓవర్‌లోడ్" అనే మాట, పక్కన ఏడు మానా ఖర్చు. ఓవర్‌లోడ్ ఖర్చు కడితే పాఠంలోని "టార్గెట్" అనే మాట "ఈచ్" అయిపోతుంది, అంటే ఎదుటివారందరి బల్లలూ ఖాళీ. ఈ సంగతి చెప్పే వాక్యం కుండలీకరణాల్లోని గుర్తుచేసే పాఠంలో ఉంటుంది, ఓ సంకేతం ఆ పాఠాన్ని వదిలేసి వెతుకుతుంది. "ఈచ్" అని ఎంత వెతికినా ఈ కార్డు రాకపోవడానికి అదే కారణం. గుర్తుచేసే పాఠాన్ని కూడా కలుపుకోవాలంటే ఓ బదులు ఎఫ్‌ఓ వాడాలి, లేదా నేరుగా కెడబ్ల్యు:ఓవర్‌లోడ్ అని అడగాలి.

తక్కువ మానాతో పడే రక్షణే కావాలి. ఎంవి<=2 అని పెడితే సరిపోతుందా?

చాలామంది అలాగే చేస్తారు, కానీ అది మంచి కార్డులను దాచేస్తుంది. ఎంవి లెక్కపెట్టేది కార్డు పైమూల అచ్చయిన ఖర్చునే, మీరు నిజంగా కట్టేదాన్ని కాదు. 1996లో వచ్చిన ఫోర్స్ ఆఫ్ విల్ మీద ఐదు మానా రాసి ఉంటుంది గాని ఒక ప్రాణం, చేతిలోని మరో నీలం కార్డు వదులుకుంటే ఒక్క మానా కూడా కట్టకుండా ఆడవచ్చు. ఫియర్స్ గార్డియన్‌షిప్ మీద మూడు ఉంటుంది, మీ కమాండర్ బల్లమీద ఉంటే అదీ ఉచితమే. సాలిట్యూడ్ మీద ఐదు ఉంటుంది, ఇవోక్ అనే ప్రత్యామ్నాయ ఖర్చుతో ఆడితే మరో తెలుపు కార్డును ఎగ్జైల్ చేయడమే దాని ఖర్చు. ఇలాంటివాటికి ఓ:"రాదర్ దాన్ పే", ఓ:"వితౌట్ పేయింగ్ ఇట్స్ మానా కాస్ట్", కెడబ్ల్యు:ఇవోక్ అని మూడు వేరు శోధనలు చేయాలి. రెండోదానిలో అనవసరమైనవి చాలా వస్తాయి, టి:ఇన్‌స్టంట్ చేర్చితే కొంత తగ్గుతాయి.

అడ్డుగా నిలబడే గోడలు ఎలా దొరుకుతాయి?

టి:వాల్ అంటే గోడ జాతి క్రీచర్లు మాత్రమే వస్తాయి. కెడబ్ల్యు:డిఫెండర్ అంటే దాడి చేయలేని క్రీచర్లన్నీ వస్తాయి, వాటిలో గోడ కానివీ ఉన్నాయి. డిఫెండర్ అనే కీవర్డు 2004లో పుట్టింది, అంతకుముందు గోడ జాతి దాడి చేయకూడదని నియమమే ఉండేది. ఊరికే నిలబడే గోడకన్నా వచ్చేటప్పుడు ఏదో ఒకటి తెచ్చిపెట్టే గోడ మేలు కాబట్టి కెడబ్ల్యు:డిఫెండర్ ఓ:డ్రా అని వెతకండి. రెండు మానాకు 0/4 కొలతలతో (బలం 0, ఓర్పు 4) వచ్చి వెంటనే ఒక కార్డు చేతికిచ్చే వాల్ ఆఫ్ ఓమెన్స్, దాని ఆకుపచ్చ అన్న వాల్ ఆఫ్ బ్లాసమ్స్ ఇలా దొరికేవే.

డిఫెండర్ అని రాసి లేకపోయినా కాపలాకు పనికొచ్చే క్రీచర్లు కావాలంటే టీఓయూ>పీఓడబ్ల్యు అని రాస్తే బలంకన్నా ఓర్పు ఎక్కువున్నవి వస్తాయి. ఓర్పు లేకపోయినా భయపెట్టేవి డెత్‌టచ్ (కాస్త దెబ్బ తగిలినా ఎదుటి క్రీచర్‌ను చంపే గుణం) ఉన్నవి. ఒక్క నల్లమానాకు వచ్చే 1/1 టైఫాయిడ్ ర్యాట్స్ ముందుకు పెద్ద డ్రాగన్‌ను తోలడానికి ఎవరైనా వెనకాడతారు.

దాడే చేయనివ్వని కార్డులకు ఏ మాట వాడాలి?

ఓ:"కాంట్ అటాక్ యూ" అన్నది తొలి మాట. దాడికి వచ్చే ప్రతి క్రీచర్‌కూ రెండు మానా సుంకం అడిగే ప్రాపగాండా, అదే పని తెలుపులో చేసే ఘోస్ట్లీ ప్రిజన్, మీ ఎన్‌చాంట్‌మెంట్ల సంఖ్యను బట్టి సుంకం పెంచే స్ఫియర్ ఆఫ్ సేఫ్టీ వస్తాయి. ఒక విడతలో రెండు క్రీచర్లకు మించి మీ మీదికి రానివ్వని క్రాల్‌స్పేస్ రాదు, దాని పాఠంలో "కాంట్" లేదు. మీకు డామేజీ చేసిన క్రీచర్‌ను చంపే నో మెర్సీ కూడా రాదు, అది దాడిని ఆపదు, చేసినవాడిని శిక్షిస్తుంది. అలాంటి వాటికి ఓ:"డీల్స్ డామేజ్ టు యూ" అని వెతకాలి.

ఒక్క మలుపు గండం గట్టెక్కితే చాలనుకునేవారికి ఓ:"ప్రివెంట్ ఆల్ కాంబాట్ డామేజ్" ఉంది. తొలి సెట్ నాటి ఫాగ్ నుంచి, స్మశానంలోంచి (వాడేసిన, చచ్చిన కార్డుల కుప్పలోంచి) మరోసారి ఆడుకోగల మూమెంట్స్ పీస్ దాకా అందులో ఉంటాయి. నలుగురు కూర్చునే బల్ల దగ్గర ఫాగ్‌ను చులకన చేసేవారు ఎక్కువ, నా ఉద్దేశంలో అది పొరపాటు.

నా కమాండర్‌ను కాపాడుకోవడానికి?

ఓ:"గెయిన్ హెక్స్‌ప్రూఫ్", ఓ:ఇన్‌డిస్ట్రక్టిబుల్, ఓ:"ఫేజ్ అవుట్", వీటికి టి:ఇన్‌స్టంట్ చేర్చండి. మొదటి గుణం ఉన్నదాన్ని ఎదుటివారు టార్గెట్‌గా ఎంచుకోలేరు, రెండోది ఉన్నది "డిస్ట్రాయ్" కాదు, మూడోది కార్డును కాసేపు మాయం చేస్తుంది. ఆకుపచ్చలో హీరోయిక్ ఇంటర్వెన్షన్ మీ పర్మనెంట్లన్నిటికీ మొదటి రెండు గుణాలనూ ఆ మలుపు ముగిసేదాకా ఇస్తుంది. తెలుపులో టెఫెరీస్ ప్రొటెక్షన్ మీ పర్మనెంట్లన్నిటినీ తిరిగి మీ వంతు వచ్చేదాకా మాయం చేసి, అంతవరకు మీ ప్రాణాల సంఖ్య మారకుండా చూస్తుంది. ఒక్క క్రీచర్‌ను కాచే చవక కార్డులు కావాలంటే "గెయిన్" చివర ఎస్ చేర్చి మళ్లీ వెతకాలి, ఏకవచనం బహువచనం తేడా కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది.

రక్షణ కార్డులు నిండా ఉన్నా ఓడిపోతున్నాను. శోధనలో తప్పుందా?

ఉండవచ్చు. నా అనుభవం ఒకటి చెబుతాను. కామన్ కార్డులతోనే ఆడే పాపర్ పద్ధతిలో ఒకసారి ఎదుటి ఆటగాడు స్లిప్పరీ బోగిల్ అనే 1/1 క్రీచర్‌ను దించి, దాని మీద ఎన్‌చాంట్‌మెంట్లు ఒకటి తర్వాత ఒకటి తగిలిస్తూ పోయాడు. నా చేతిలో జర్నీ టు నోవేర్ రెండున్నాయి. రెండూ "టార్గెట్ క్రీచర్" అంటాయి, బోగిల్‌కు హెక్స్‌ప్రూఫ్ ఉంది కాబట్టి దాన్ని ఎంచుకునే వీలే లేదు. ఆ రెండు కార్డులనూ పట్టుకుని చూస్తూ కూర్చున్నాను. ఇంటికి వచ్చి శోధన తిరగేస్తే, నేను కూర్చుకున్న తొలగింపు కార్డులన్నిటిలోనూ "టార్గెట్" ఉందని బయటపడింది.

హెక్స్‌ప్రూఫ్ ఉన్నదానికి ఓ:"శాక్రిఫైసెస్ ఎ క్రీచర్" అని వెతకాలి. డయాబాలిక్ ఈడిక్ట్ వంటివి ఆటగాడిని ఎంచుకుంటాయి గాని క్రీచర్‌ను కాదు, ఏది వదులుకోవాలో అతనే తేల్చుకోవాలి, అతని దగ్గర ఒక్కటే ఉంటే ఇక తేల్చుకునేది ఏముంది. ఇన్‌డిస్ట్రక్టిబుల్ ఉన్నదానికి "డిస్ట్రాయ్" పనికిరాదు, "ఎగ్జైల్" గానీ ఓర్పు తగ్గించేవి గానీ కావాలి. స్మశానం నుంచి కార్డులు లేపుకొచ్చేవారికి ఓ:గ్రేవ్‌యార్డ్ ఓ:ఎగ్జైల్ అని వెతికితే టార్మోడ్స్ క్రిప్ట్, రెస్ట్ ఇన్ పీస్ వస్తాయి. మిమ్మల్ని ఎక్కువగా ఓడిస్తున్న మూడు కార్డుల పాఠాలు ముందు పెట్టుకుని, వాటిలోని ఏ మాటకు మీ రక్షణలోని ఏ మాట ఎదురు నిలుస్తుందో చూసుకున్నాకే పెట్టెను తాకండి.

నా దగ్గరున్న పాత కార్డు మీది మాటలు టైప్ చేస్తే అది రావడం లేదు, ఎందుకని?

స్క్రైఫాల్ చూసేది కాగితం మీది అచ్చును కాదు, ఆరకిల్ పాఠం అని పిలిచే నేటి అధికారిక రూపాన్ని. "ఎగ్జైల్" అనే మాట ఆటలోకి 2009లో వచ్చింది. అంతకుముందు అచ్చయిన స్వోర్డ్స్ టు ప్లౌషేర్స్ ప్రతుల మీద ఆ మాట ఉండదు, కానీ శోధనలో ఆ మాటతోనే దొరుకుతుంది. "చస్తుంది" అనడానికి వాడే "డైస్" కూడా 2011లో వచ్చినదే. కార్డు పేరుతో ఒకసారి తెరిచి నేటి పాఠం చదివి, ఆ మాటలతో వెతకండి.

ఇన్ని మాటలు గుర్తుపెట్టుకునే బదులు దగ్గరి దారి లేదా?

ఒకటుంది. ఫంక్షన్:రిమూవల్ అని వెతికితే, పాఠం ఎలా ఉన్నా తొలగింపు పని చేసే కార్డులు వస్తాయి. ఇవి స్వచ్ఛంద సేవకులు ఒక్కో కార్డును చదివి తగిలించిన గుర్తులు. పరిచయానికి ఇది చాలా మంచి మార్గం. మనుషులు చేసిన పని కాబట్టి కొన్ని వదిలిపోవచ్చు, మీరు రక్షణ అనుకోనివి కొన్ని చేరవచ్చు. నేను మొదట దీనితో వెతికి, తర్వాత పాఠంతో వెతికి, రెండిటినీ పోల్చి చూస్తాను.

దొరికిన కార్డు నా ఆట పద్ధతిలో చెల్లుతుందో లేదో ఎలా తెలుస్తుంది?

శోధనలోనే ఎఫ్:కమాండర్, ఎఫ్:మోడర్న్, ఎఫ్:పాపర్ వంటిది చేర్చండి, నిషేధించినవి కూడా తొలగిపోతాయి. జ్ఞాపకం మీద ఆధారపడవద్దు. కౌంటర్‌స్పెల్ అంత పాత కార్డు మోడర్న్ పద్ధతిలోకి అడుగుపెట్టింది 2021లోనే.

ధరలు రూపాయల్లో చూపిస్తుందా?

చూపించదు. డాలర్లలో, యూరోల్లో చూపిస్తుంది. యూఎస్‌డీ<1 అని పెట్టి డాలరు లోపువి మాత్రమే తెప్పించుకోవచ్చు. హైదరాబాదులోనో విజయవాడలోనో కూర్చుని తెప్పించుకునేవారు రవాణా, సుంకం కలిపి చూసుకోవాలి కాబట్టి ఆ అంకెను ఏది చవక, ఏది ఖరీదు అని పోల్చడానికి మాత్రమే వాడండి. కాగితం కార్డులు కొనకుండా ఈ ఆట డిజిటల్ రూపమైన ఎరీనాలో ఆడేవారు గేమ్:ఎరీనా అని చేర్చితే అక్కడ లేనివి కనిపించవు.

కార్డు పేరు తెలుగులో టైప్ చేయవచ్చా?

తెలుగులో కార్డులు అచ్చవలేదు కాబట్టి ఫలితం ఉండదు. మన దేశపు భాషల్లో ఈ ఆటలో చోటు దక్కింది సంస్కృతానికి, అదీ 2001 నాటి అపోకలిప్స్ సెట్ ముందస్తు విడుదలకు ఇచ్చిన ఫంగల్ షాంబ్లర్ అనే కార్డుకు. లాంగ్:ఎస్ఏ అని వెతికితే అది కనిపిస్తుంది. రక్షణకు మాత్రం ఏమాత్రం పనికిరాదు, శుద్ధ దాడి క్రీచర్.

నూరు కార్డుల కమాండర్ డెక్‌లో రక్షణకు ఎన్ని పెట్టాలి?

నా లెక్క ఇది: ఒక్కొక్కదాన్ని తొలగించేవి ఎనిమిది నుంచి పది, బోర్డ్ వైప్‌లు మూడు, కమాండర్‌ను కాచేవి మూడు నాలుగు. క్రీచర్లతోనే గెలిచే డెక్ అయితే వైప్‌లు ఒకటి రెండుకు తగ్గించి, ఆ చోటు కాపాడే కార్డులకు ఇస్తాను. మీ బల్ల దగ్గర కూర్చునేవారిని బట్టి ఈ అంకెలు మారతాయి.

ఫలితాలు మరీ ఎక్కువగా వస్తే ఏ వరుసలో చూడాలి?

చివర ఆర్డర్:ఈడీహెచ్‌రెక్ అని రాస్తే కమాండర్ ఆటగాళ్లు ఎక్కువగా వాడేవి ముందు వస్తాయి. మొదటి రెండు మూడు వరుసలు అందరికీ తెలిసినవే ఉంటాయి, అసలు సరుకు ఆ తర్వాత మొదలవుతుంది. నచ్చిన కార్డును తెరిచి, కిందనున్న నియమ వివరణలు కూడా చదవండి, సుంకం అడిగే కార్డులు రెండు బల్లమీద ఉంటే సుంకాలు కలుస్తాయా వంటి సందేహాలకు జవాబు చాలాసార్లు అక్కడే ఉంటుంది. బాగా కుదిరిన శోధనను బ్రౌజర్‌లో బుక్‌మార్క్ చేసుకోండి. శోధన అంతా ఆ చిరునామాలోనే ఉంటుంది కాబట్టి, కొత్త సెట్ వచ్చినప్పుడు దాన్ని మళ్లీ తెరిస్తే కొత్త కార్డులు కూడా అందులో చేరి కనిపిస్తాయి.